నీళ్ల కింద విజయపురి



ఇవాళ మిమ్మల్ని ఒక లాంచి ప్రయాణానికి తీసుకువెళ్తాను. నాగార్జునసాగర్ జలాశయం కుడిగట్టున విజయపురి సౌత్ అనే చోట లాంచి ఎక్కుతాం. నీళ్ల మీద ముప్పావుగంటకు తక్కువ కాకుండా ప్రయాణం చేసి ఒక దీవిలో దిగుతాం. ఆ దీవి పేరు నాగార్జునకొండ. బయలుదేరే ముందు ఒక హెచ్చరిక. ఇది పల్నాడు. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ఇక్కడికి దగ్గరే. తలకు తువ్వాలు, చేతిలో నీళ్ల సీసా లేకుండా ఎవరూ రాకండి.

మా బళ్ళారి వైపు నుంచి మా బడిపిల్లలతో నేను అక్కడికి వెళ్లింది పరీక్షలయ్యాక, ఏప్రిల్ చివరి రోజుల్లో. చలికాలంలో పోవలసిన చోటికి ఎండాకాలంలో పోయామని తోటి ఉపాధ్యాయులు నవ్వారు. బడికి సెలవు దొరికినప్పుడే కదా పిల్లలకు ప్రయాణం! పొద్దున తొమ్మిదిన్నరకే లాంచి రేకు కప్పు కాలిపోతోంది. నీళ్ల మీద వెలుగు కళ్లలో గుచ్చుకుంటోంది. పిల్లలు మాత్రం అంచులకు చేరి చేతులు తడుపుకోవాలని చూస్తున్నారు, నేను వాళ్ల చొక్కాలు పట్టుకుని వెనక్కి లాగుతున్నాను.

సగం దూరం వచ్చాక లాంచి సరంగు నా వైపు తిరిగి, "అమ్మా, మనమిప్పుడు ఊళ్ల మీదుగా పోతున్నాం" అన్నాడు. పిల్లలందరూ ఒక్కసారిగా నీళ్లలోకి వంగి చూశారు. ఏమీ కనిపించలేదు. పచ్చటి నీళ్లు, అంతే.

అతను అన్నది నిజం. ఈ నీళ్ల కింద ఒక లోయ ఉంది. మూడు వైపుల నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణానది. ఆ లోయలో మన తాతల కాలందాకా పుల్లారెడ్డిగూడెం అనే పల్లె ఉండేది. ఆ పల్లె పొలాల కింద, చిల్లచెట్ల మధ్య, పదిహేడు వందల ఏళ్ల నాటి ఒక రాజధాని పడి ఉండేది. దాని పేరు విజయపురి.

శాతవాహనుల తరువాత కృష్ణా తీరాన్ని ఏలినవారు ఇక్ష్వాకులు. క్రీ.శ. 3వ శతాబ్దంలో వారి రాజ్యం మొదలైంది. మొదటి రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు. అతని కొడుకు వీరపురుషదత్తుడు. మనుమడు ఎహువుల శాంతమూలుడు. ఆ తరువాత రుద్రపురుషదత్తుడు. సుమారు ఒక శతాబ్దం వారి పాలన సాగింది. పెద్ద శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన ఇంటి ఆడవాళ్లలో చాలామంది బౌద్ధ సంఘానికి భక్తితో దానాలు చేశారు. ఒకే ఇంట్లో యజ్ఞమూ ఉంది, బుద్ధుడి పూజా ఉంది. లోయలో ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు బయటపడ్డాయి. నది ఒడ్డున కార్తికేయుడికి, పుష్పభద్రస్వామికి, అష్టభుజస్వామికి గుళ్లూ బయటపడ్డాయి.

రాజుగారి చెల్లెలు చాంతిసిరి ఇక్కడి మహాచైత్యానికి పోషకురాలు. వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో ఆమె దాన్ని పూర్తిచేయించింది. తవ్వినవాళ్లు కొలిస్తే దాని వ్యాసం 106 అడుగులు. పునాది బండిచక్రంలాగా ఉంటుంది. నడుమ కుంభం, దాని నుంచి ఆకుల్లాగా బయటికి పోయే గోడలు, ఆ గోడల మధ్య మట్టి నింపారు. లోపల ఒక చిన్న బంగారు భరిణెలో ఎముక ముక్క దొరికింది. దాన్ని బుద్ధధాతువుగా భావించి సారనాథ్‌లోని మూలగంధకుటి విహారంలో ఉంచారు.

కొండకు నాగార్జునుడి పేరు ఎలా వచ్చిందని మీరు అడగవచ్చు. ఆచార్య నాగార్జునుడు శ్రీపర్వతం మీద నివసించాడని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. ఈ కొండల వరుసకు శాసనాల్లో ఉన్న పేరు శ్రీపర్వతమే. అయితే ఆ మహా తత్త్వవేత్త ఇక్కడ ఉన్నాడని చెప్పే శాసనం ఈ లోయలో లేదు. సంప్రదాయాన్ని సంప్రదాయంగా, శాసనాన్ని శాసనంగా వేరువేరుగా చూడడం పిల్లలకు నేర్పాలి, మనమూ నేర్చుకోవాలి.

ఇక లోయ నీళ్లలో మునిగిన కథ. 1955 డిసెంబరు 10న పండిత నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాదిరాయి వేశారు. ఆనకట్ట కడితే లోయ మొత్తం మునుగుతుందని అప్పటికే తెలుసు. అందుకే 1954లోనే భారత పురావస్తు శాఖ డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టింది. 1960 దాకా అవి సాగాయి. లోయలో వందకు పైగా స్థలాలను తవ్వి, గీసి, కొలిచి, ఫొటోలు తీశారు. పాతరాతియుగపు పనిముట్ల నుంచి రెడ్డిరాజుల కాలపు కోట దాకా ఒకే లోయలో దొరికాయి. నీళ్లతో పందెం వేసుకుని చేసిన పని అది.

తవ్వగానే సరిపోలేదు. ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను రాయి రాయికీ, ఇటుక ఇటుకకూ గుర్తులు పెట్టి విప్పి, లోయ నుంచి పైకి మోసి, మళ్లీ కట్టారు. కొన్ని నాగార్జునకొండ మీద, కొన్ని జలాశయం తూర్పుగట్టున అనుపు అనే చోట. మరికొన్నింటికి నమూనాలు చేశారు. 1966లో కొండమీద ప్రదర్శనశాల వచ్చింది. 1967లో ఆనకట్ట నీళ్లు కాలువల్లోకి వదిలారు. ఒకప్పుడు లోయలో నిలబడి తలెత్తి చూసే కొండ ఇప్పుడు దీవి అయింది.

ఆ నీళ్లను నేను తిట్టను. కుడికాలువ, ఎడమకాలువ తడిపిన లక్షల ఎకరాల అన్నం మనం తిన్నాం. కానీ అనుపులో తిరిగి కట్టిన రంగస్థలానికి దొరికిన శ్రద్ధ, ఇళ్లు వదిలి పోయిన మనుషుల జ్ఞాపకాలకు దొరికిందా అని అడగకుండా కూడా ఉండలేను. మా సరంగు తాతది ఆ మునిగిన ఊళ్లలో ఒకటట. ఆ ఊరి బావి ఏ దిక్కున ఉండేదో అతనికి వాళ్ల నాయన చెప్పాడట. తన పిల్లలకు తను చెప్పలేడట. "చూపించేదానికి ఏముందమ్మా, నీళ్లే గదా" అన్నాడు.

లాంచి దిగి కొండమీదికి నడిచాం. అప్పటికి పదకొండు దాటింది. తిరిగి కట్టిన స్నానఘట్టం మెట్లు చూశాం. పల్నాటి సున్నపురాతి పలకలు. ఒకప్పుడు కృష్ణ నీళ్లలోకి దిగే మెట్లు అవి. ఇప్పుడు ఎండలో పొడిగా పడి ఉన్నాయి. చైత్యం దగ్గర చెప్పులు విడిచి నడవబోయిన ఇద్దరు పిల్లలు నాలుగడుగులకే గెంతుతూ వెనక్కి వచ్చారు. అందరం ఒక వేపచెట్టు కింద చేరాం. నీళ్ల సీసాలు సగానికి వచ్చాయి.

అక్కడ ఏడో తరగతి పిల్లవాడొకడు అడిగాడు. "టీచర్, ఇది అసలుదేనా? ఇక్కడిది కాదన్నారు కదా. కింద నుంచి తెచ్చి పెట్టారన్నారు. మరి దీన్ని చూడడానికి ఇంత దూరం ఎందుకు వచ్చాం?"

శ్రోతలారా, చరిత్ర పాఠం చెప్పేవాళ్లకు ఇలాంటి ప్రశ్న ఎదురైతే నోట్లో తడి ఆరిపోతుంది. నాకు అప్పటికే ఆరిపోయి ఉంది. "ముందు ప్రదర్శనశాలలోకి పోదాం, నీడగా ఉంటుంది, అక్కడ చెబుతాను" అని తప్పించుకున్నాను.

లోపల మునిగిన లోయకు ఒక నమూనా ఉంది. కొండలు, నది, ఎక్కడెక్కడ ఏ కట్టడం ఉండేదో అన్నీ చిన్నవిగా చేసి పెట్టారు. పిల్లలు దాని చుట్టూ మూగారు. శిల్పాలూ చూశాం. లేతపచ్చ ఛాయ ఉన్న సున్నపురాయి మీద బుద్ధుడి కథలు, జాతక కథలు. ఈ లోయ శిల్పాల్లో పరదేశపు టోపీ, పొడవాటి అంగీ తొడుక్కున్న శకయోధుడు ఉన్నాడు. కొమ్ముపాత్ర పట్టుకుని నిలబడ్డ యవనుడి వంటి మనిషీ ఉన్నాడు. అంటే ఈ లోయకు ఎక్కడెక్కడి మనుషులో వచ్చేవారన్నమాట.

ఎక్కడెక్కడివాళ్లో రాతి మీదే రాసి ఉంది. బోధిసిరి అని ఒక ఉపాసిక ఉండేది. ఆమె రాణి కాదు, బౌద్ధధర్మాన్ని నమ్మిన గృహిణి. వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం ఇక్కడ ఒక చైత్యగృహం కట్టించింది. ఆ సింహళ ఆచార్యులు ఏయే దేశాల వారికి ధర్మం బోధించారో శాసనంలో వరుసగా చెక్కించింది. ఆ పేర్లు వినండి. కాశ్మీరం, గాంధారం, చీనా, చిలాత, తోసలి, అపరాంతం, వంగ, వనవాసి, యవన, దమిళ, పాలూరు, తామ్రపర్ణి ద్వీపం. మధ్యలో కొన్ని అక్షరాలు చెదిరిపోతే పండితులు పూరించి చదివారు.

ఇప్పుడు మన శ్రోతలు ఏ ఊళ్లలో కూర్చుని వింటున్నారో ఒకసారి తలచుకోండి. తోసలి అంటే భువనేశ్వర్ దగ్గరి ధౌలి ప్రాంతం. పాలూరు గంజాం తీరం. ఈ రెండూ ఒడిశాలోనివి. అపరాంతం అంటే కొంకణ తీరం, మహారాష్ట్రది. వనవాసి మా కర్ణాటకలోని బనవాసి. దమిళ అంటే తమిళదేశం. మనం ఇవాళ ఉంటున్న చోట్ల పేర్లన్నీ పదిహేడు వందల ఏళ్ల కిందట ఒక స్త్రీ కృష్ణ ఒడ్డున ఒకే వరుసలో రాయించి పెట్టింది. యానాం వారు మా పేరేదని అడుగుతారేమో. కాస్త ఓపిక పట్టండి, మీ వంతూ వస్తుంది.

ఇంకొకటి చూడండి. వీరపురుషదత్తుడి రాణుల్లో రుద్రధర భట్టారిక ఉజ్జయిని మహారాజు కూతురు. మహాచైత్యానికి ఆమె కూడా ఒక స్తంభం ఇచ్చింది. ఇక వీరపురుషదత్తుడి కూతురు కొడబలిసిరి వనవాస మహారాజుకు భార్య అయింది. ఆమె తన అన్నదమ్ముడైన ఎహువుల శాంతమూలుడి 11వ పాలనా సంవత్సరంలో పుట్టింటి ఊళ్లో మహీశాసక శాఖ ఆచార్యుల కోసం విహారం కట్టించింది. ఒక ఆడపిల్ల ఉజ్జయిని నుంచి ఈ లోయకు వచ్చింది. ఇంకొక ఆడపిల్ల ఈ లోయ నుంచి కన్నడదేశానికి వెళ్లింది, వెళ్లినా పుట్టింటిని మరవలేదు. ఇది వింటే మన ఇళ్లలోని ఎందరు అత్తలూ వదినెలూ గుర్తుకు రారు?

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ శాసనాల భాష తెలుగు కాదు. బ్రాహ్మీలిపిలో రాసిన ప్రాకృతం, తరువాతి కాలంలో సంస్కృతం. కాబట్టి వీటిని చూపి మా భాష గొప్ప, మీది తక్కువ అని ఎవరితోనూ వాదించలేం. వాదించవలసిన పనీ లేదు. ఈ నేల మొదటినుంచీ నలుగురూ వచ్చిపోయిన నేల అన్నది దీనివల్ల తెలుస్తుంది. బయట రాష్ట్రాల్లో తరతరాలుగా ఉంటూ, "మీది ఏ ఊరు?" అని అడిగితే ఒక్కక్షణం తడబడే మనకు ఆ మాట చాలు.

ఇక ఆ పిల్లవాడి ప్రశ్నకు వస్తాను. బయట నీడలో అందరినీ కూర్చోబెట్టి వాడినే అడిగాను. "మీ ముత్తాత ఊరేది?" "కర్నూలు వైపు ఏదో పల్లె టీచర్, నేను చూడలేదు." "ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" "తెలుగే." "వీధిలో?" "కన్నడ." "మరి నువ్వు అసలువాడివేనా? పుట్టిన చోటు నుంచి మోసి తెచ్చి ఇంకొక చోట పెట్టారు కదా మిమ్మల్ని?" పిల్లలందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. అప్పుడు చెప్పాను. రాయి చోటు మారింది. కానీ ఏ రాయి ఎక్కడిదో, ఏ వరుసలోదో, ఎవరు చెక్కించారో రాసిపెట్టి తెచ్చారు. అందుకే ఇది ఇంకా విజయపురి. ఆ లెక్క రాయకుండా తెచ్చి ఉంటే ఇది ఉత్త రాళ్ల కుప్ప అయి ఉండేది.

వాడు కాసేపు ఆలోచించి ఇంకొకటి అడిగాడు. "మొదట ఎవరు చూశారు టీచర్, ఇక్కడ ఇవి ఉన్నాయని?"

ఆ సంగతి చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను. 1926లో ఈ లోయలో ఒక పాత స్తంభాన్ని చూసి, ఇది మామూలు రాయి కాదు అని అప్పటి మదరాసు ప్రభుత్వానికి తెలియజేసిన మనిషి పేరు సూరపరాజు వేంకటరామయ్య. ఆయన పండితుడిగా పేరు మోసినవాడు కాదు, పురావస్తు శాఖ అధికారీ కాదు. ఆ ప్రాంతంలో పనిచేసే ఒక బడిపంతులు. ఆయన మాట విని మదరాసు శాసన విభాగంలోని తెలుగు సహాయకుడు సరస్వతి వచ్చి చూశారు. పుదుచ్చేరిలో ఆచార్యుడిగా ఉన్న ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రోయి వచ్చి చూశారు. యానాం శ్రోతలారా, ఇదిగో మీ వంతు. ఆ పుదుచ్చేరి పాలనలోనే కదా మీ ఊరు! తరువాత 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. 1938 నుంచి కొంతకాలం టి.ఎన్. రామచంద్రన్ తవ్వించారు. ఆ పని జరిగి ఉండబట్టే, ఆనకట్ట మాట వచ్చేనాటికి ఈ లోయ విలువ దేశానికి తెలిసి ఉంది.

ఆ పంతులుగారు ఆ రోజు చూసీ చూడనట్టు పోయి ఉంటే ఏమయ్యేది? అంత ముందుగా లోయ సంగతి బయటపడకపోతే, నీళ్లు వచ్చేలోగా తవ్వి మోసుకుపోయే వ్యవధి ఎవరికి దొరికేది? బోధిసిరి రాయించిన ఊళ్ల పేర్లు నీళ్ల అడుగున చేపలకు తెలిసేవి, మనకు కాదు.

ఈ కథ చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పట్టేసింది. ఎందుకో పిల్లలకు చెప్పలేదు. మీకు చెబుతాను.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏళ్లలో, నేను పనిచేసే పల్లెలో ఊరబావి దగ్గర ఒక బండ ఉండేది. ఆడవాళ్లు దానిమీద బట్టలు ఉతికేవారు. ఒక సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంటే దాని మీద అక్షరాల వరుసలు కనబడ్డాయి. పాత తెలుగు కన్నడ లిపి. పై వరుసలో ఒకటి రెండు అక్షరాలు పోల్చుకోగలిగాను. ఎవరికైనా రాయాలి అనుకున్నాను. వచ్చే సెలవుల్లో రాద్దాం అనుకున్నాను. పరీక్షలు వచ్చాయి, పెళ్లి వచ్చింది, బదిలీ వచ్చింది. రెండేళ్ల తరువాత ఆ ఊరు వెళ్తే బావి చుట్టూ సిమెంటు గచ్చు చేసి ఉంది. బండ లేదు. అడిగితే, రోడ్డు వేసేటప్పుడు పగలగొట్టి కంకర చేశారన్నారు. ఎవరినీ తప్పు పట్టలేను. అది ఏమిటో వాళ్లకు తెలియదు. తెలిసినదాన్ని నేను. పోస్టుకార్డు రాయనిది నేను.

అది ఏ రాజు దానమో, ఏ చెరువు తవ్వకమో, ఏ వీరుడి మరణమో ఇక ఎవరికీ తెలియదు. నీళ్లలో మునిగిన విజయపురి గురించి మనకు ఇంత తెలుసు. గట్టున ఉన్న ఆ బండ గురించి ఏమీ తెలియదు. మునగడం కంటే చెప్పకపోవడమే పెద్ద నష్టమని నాకు ఆ కొండ మీద, ఆ ఎండలో బాగా అర్థమైంది.

శ్రోతలారా, మన పల్లెల్లో ఇంకా ఎన్నో రాళ్లున్నాయి. రచ్చబండ కింద, గుడి గోడలో, పొలం గట్టున, చెరువు తూము దగ్గర. వాటిని కనిపెట్టడానికి చరిత్ర పట్టా అక్కరలేదు. రాయచూరు జిల్లా మస్కిలోని అశోకుడి శాసనాన్ని 1915లో లోకానికి తెలియజేసింది బీడన్ అనే గనుల ఇంజినీరు. మీరు చేయవలసింది కొంచెమే. అక్షరాల రాయి కనిపిస్తే దాన్ని కదిలించకండి. గీకి శుభ్రం చేయకండి. సున్నం, నూనె, రంగు పూయకండి. పొద్దున గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండలో సెల్‌ఫోనుతో ఫొటో తీయండి, అప్పుడు అక్షరాలు బాగా తేలతాయి. ఊరు, తాలూకా, ఎవరి పొలం, ఏ దిక్కు అన్నది రాయండి. ఆ రాయి గురించి ఊళ్లో పెద్దవాళ్లు చెప్పే కథ ఉంటే అదీ రాయండి. మీ జిల్లా పురావస్తు కార్యాలయానికి గానీ, మైసూరులో ఉన్న భారత పురావస్తు శాఖ శాసన విభాగానికి గానీ పంపండి. అది తెలుగో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో అని చూడకండి. మీ ఊరిది కాబట్టి అది మీదే.

ఆ రోజు తిరుగు లాంచిలో పిల్లలు అలసిపోయి ఒకరి మీద ఒకరు వాలిపోయారు. ఆ ప్రశ్నల పిల్లవాడు మాత్రం అంచున కూర్చుని నీళ్లకేసి చూస్తున్నాడు. ఏమి చూస్తున్నావురా అంటే, "ఊరు ఎక్కడుందో సరంగు మామను అడిగి రాసుకుంటున్నా టీచర్" అన్నాడు. వాడి నోటుబుక్కులో కొండలు గీసి, మధ్యలో ఒక చిన్న గుండ్రటి గుర్తు పెట్టి, పక్కన బావి అని రాసి ఉంది.